చలి మొదలయ్యాక మగ్గుల పిడుల దగ్గర పగుళ్లు, ఫోటోల్లో గ్లేజు రంగు తేడా: ఎక్కడ తప్పుతోంది?

పచ్చికుండ అడిగినది:

అందరికీ నమస్కారం. సిరామిక్స్ ప్రధానంగా, ఫోటోగ్రఫీ రెండో సబ్జెక్టుగా చదువుతున్నాను. సెమిస్టర్ చివరికి 12 వస్తువులు, వాటి పోర్ట్‌ఫోలియో ఫోటోలు, ఒక బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ సిరీస్ ఇవ్వాలి. చలి మొదలైనప్పటి నుంచి అన్నీ ఒకేసారి మొరాయిస్తున్నాయి.

- మగ్గు పిడి పై అతుకు దగ్గర వెంట్రుక మందాన పగులు. అతికించిన రోజు ఉండదు, ఆరాక కనబడుతుంది.
- గిన్నెల అడుగున ఎస్ ఆకారంలో పగులు. ఇది బిస్క్ (గ్లేజు పూయకముందు చేసే మొదటి కాల్పు) తర్వాతే తెలుస్తోంది.
- పోయిన బిస్క్ కాల్పులో ఒక మందపాటి జాడీ అడుగు పేలింది. చెంపకు ఆనిస్తే చల్లగానే ఉంది, కానీ గదిలో అన్నీ చల్లగానే ఉన్నాయి కదా అని పెట్టేశాం. లోపల గాలి బుడగ ఉండిపోయి ఉంటుందా?
- కాలిన తర్వాత గ్లేజు (కుండ మీది గాజు పూత) అక్కడక్కడా ముడుచుకుపోయి కింద మన్ను కనబడుతోంది.
- ఫోటోల్లో కుండకు ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు. మెరిసే గ్లేజు మీద కిటికీ ఊచలతో సహా కనబడుతోంది.
- డెవలప్ చేసిన నెగటివ్‌లు పల్చగా వస్తున్నాయి. కుళాయి నీళ్లు 14 డిగ్రీలు ఉన్నాయి.

ఉదయం 10 నుంచి 1 దాకా సారె, మధ్యాహ్నం ట్రిమ్మింగ్ (అదనపు మన్ను చెక్కి సరిచేయడం), సాయంత్రం ఫోటోలు. వెళ్లేటప్పుడు పలకల్ని రూమ్ హీటరు ముందు పెట్టి వెళ్తాం. ఏది ముందు సరిచేసుకోవాలో చెప్పగలరా?

---

ఆవం_వెనక:

ముందు ఆ హీటరు ముందు నుంచి పలకలు తీసేయండి. మీ పగుళ్లలో సగం అక్కడే పుడుతున్నాయి.

చలి కుండను పగలగొట్టదు. చల్లటి గదిలో మన్ను నెమ్మదిగా ఆరుతుంది, అంతవరకు అది మీకు మంచిదే. పగులు వచ్చేది ఒకే కుండలో రెండు భాగాలు వేరువేరు వేగంతో ఆరినప్పుడు. స్టోన్‌వేర్ మన్ను తడి దశ నుంచి పూర్తిగా ఆరేసరికి సుమారు 5 నుంచి 7 శాతం కుదించుకుపోతుంది. పిడి సన్నం, చుట్టూ గాలి తగులుతుంది, కాబట్టి ముందుగా ఆరి కురచబడుతుంది. మగ్గు గోడ ఇంకా తడిగా, పెద్దగానే ఉంటుంది. పిడి లాగుతుంది, గోడ కదలదు, ఇక విడిపోయేది అతుకే. పై అతుకే ఎక్కువగా పోవడానికి కారణం అది అంచుకు దగ్గరగా ఉండడం. అంచు అన్నిటికంటే ముందు ఆరుతుంది.

చేయాల్సింది ఇది. పిడిని లాగి తయారు చేశాక దాని వంపు నిలబడేంత గట్టిపడనివ్వండి. మగ్గు లెదర్ హార్డ్ దశ మొదట్లో ఉండాలి, అంటే గోరుతో నొక్కితే గుర్తు పడాలి కానీ గోడ వంగకూడదు. రెండింటిలో తడి దగ్గరదగ్గరగా సమానం కావాలి. రెండు వైపులా 1–2 మిల్లీమీటర్ల లోతున అడ్డదిడ్డంగా గీతలు గీసి, అదే మన్నుతో చేసిన చిక్కటి స్లిప్ (నీళ్లలో కలిపిన మన్ను జారు) రాసి, అటూ ఇటూ కదుపుతూ అదిమి పెట్టండి. పక్కలకు స్లిప్ పొంగి వస్తే గాలి బయటికి పోయినట్టు. అతుకు చుట్టూ సన్నటి మన్ను తాడు వేసి కర్రముక్కతో కలిపేస్తే ఇంకా నిలుస్తుంది.

తర్వాత పిడికి మాత్రమే పల్చటి ప్లాస్టిక్ పట్టీ చుట్టి, మొత్తం మగ్గు మీద ఇంకో వదులు ప్లాస్టిక్ కప్పండి. మొదటి రాత్రి గాలి చొరకుండా పూర్తిగా మూసి ఉంచాలి. ఆరడానికి కాదు, పిడిలోని తడి, గోడలోని తడి ఒకదానికొకటి సర్దుకోవడానికి. మర్నాడు కింద అంచులు కొంచెం ఎత్తండి. మూడో రోజు మగ్గును బోర్లించండి, అడుగుకు కూడా గాలి తగలాలి. చలిలో మామూలు మగ్గుకు 5–6 రోజులు పట్టినా కంగారు పడొద్దు. పలక కూడా చూసుకోండి. ప్లాస్టిక్ పలక మీద అడుగు ఆరనే ఆరదు. జిప్సం బోర్డు గానీ, తీగల రాక్ గానీ వాడండి. పళ్లేలైతే కింద ఒక న్యూస్‌ప్రింట్ కాగితం పరవండి, కుదించుకునేటప్పుడు పలకకు పట్టేయకుండా జారుతుంది.

ఎస్ పగులు వేరే కథ. అది ఆరబెట్టేటప్పుడు బయటపడుతుంది గానీ పుట్టేది సారె మీదే. గోడల మన్నును మీరు పైకి లాగుతూ నొక్కుతారు. అడుగు మధ్యలో ఆ నొక్కుడు పడదు, కణాలు అక్కడ సర్దుకోవు. మన్ను ముద్దను మధ్యలో తెరిచిన తర్వాత, అదమడానికి వాడే రబ్బరు రిబ్‌తో గానీ వేళ్లతో గానీ మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు మూడు నాలుగు సార్లు గట్టిగా అదమండి. గోడ లేపడం పూర్తయ్యాక అడుగున నిలిచిన నీటిని స్పాంజితో తీసేయండి. చలిలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ నీళ్లు ఆవిరై పోవు, మధ్యభాగాన్ని మెత్తబరుస్తూ అక్కడే ఉంటాయి. అడుగు మందం గోడకు దగ్గరగా ఉండాలి. గోడ 5–6 మిల్లీమీటర్లు, అడుగు 12 ఉంటే పగులు ఖాయం.

మన్ను సంచి నేల మీద ఉంటే ముందు రోజు రాత్రే బల్ల మీదికి ఎక్కించండి. చల్లటి మన్ను గట్టిగా తగులుతుంది, దాంతో నీళ్లు ఎక్కువ వాడతారు. సారె దగ్గర బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పెట్టుకుంటే చేతికి హాయి, మన్నుకు నష్టమేమీ లేదు. మన్ను ఎప్పుడైనా గడ్డకట్టి ఉంటే కరిగాక పొరలు పొరలుగా, అతుకు లేకుండా ఉంటుంది. మంచు స్ఫటికాలు నీటిని మన్ను నుంచి విడదీస్తాయి. పాడైపోయిందని పారేయకండి. పూర్తిగా కరగనిచ్చి, మామూలు కంటే రెట్టింపు సేపు పిసికితే మళ్లీ పనికొస్తుంది.

ఇక పేలడం గురించి. గాలి బుడగ ఒక్కటే కుండను పేల్చదు. గాలి వేడెక్కి వ్యాకోచించినా రంధ్రాల మన్నులోంచి బయటపడుతుంది. పేల్చేది నీళ్లు. 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరిగా మారి సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది, మందపాటి అడుగులోంచి అంత వేగంగా బయటికి రాలేదు. బుడగ ఉన్నచోట తడి చేరితే అక్కడి నుంచి మొదలవ్వొచ్చు, అంతే.

చెంపకు ఆనించి, చల్లగా ఉంటే ఇంకా తడి ఉందని తేల్చే చెంప పరీక్ష వెచ్చటి గదిలో పనిచేస్తుంది. 12–14 డిగ్రీల గదిలో ఆరిన కుండ కూడా చల్లగానే తగులుతుంది, కాబట్టి దాన్ని నమ్మొద్దు. వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి, 12 గంటల తర్వాత మళ్లీ తూయండి. తగ్గితే ఇంకా ఆరుతున్నట్టు. వరసగా రెండుసార్లు అదే బరువు వస్తే కిల్న్‌కు (కుండలు కాల్చే కొలిమికి) సిద్ధం. అయినా గాలిలో తేమను బట్టి మన్నులో కొంత నీరు మిగిలే ఉంటుంది, అది గదిలో ఎన్నాళ్లుంచినా పోదు. దాన్ని కిల్న్‌లోనే తీయాలి.

బిస్క్‌కు నేను వాడే లెక్క: 85–90 డిగ్రీల దగ్గర నిలపడం, మగ్గుల వంటివాటికి 3 గంటలు, 12 మిల్లీమీటర్లు దాటిన వాటికి రాత్రంతా. మూత కొంచెం ఎత్తి, లేదా పై చూపు రంధ్రం తెరిచి ఉంచాలి. తర్వాత 200 దాకా గంటకు 50–60, 600 దాకా గంటకు 100, అక్కడి నుంచి 1000 వరకు గంటకు 150. 450–600 మధ్య మన్నులో రసాయనికంగా కలిసిన నీరు పోతుంది, 573 దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారి ఉబ్బుతుంది, అందుకే అక్కడ పరుగెత్తకూడదు. 90 దగ్గర నిలిపినప్పుడు రంధ్రం ముందు ఒక చల్లటి అద్దం ముక్కను క్షణం పట్టుకుని చూడండి. మసకబారితే ఆవిరి ఇంకా వస్తోంది, ఇంకో గంట ఆగండి. ముఖం మాత్రం దగ్గరికి పెట్టొద్దు.

---

తడిగుడ్డ:

పైన చెప్పినదానిలో ఒక్క దానితో ఒప్పుకోను. హీటరు తప్పు కాదు, హీటరు *ముందు* పెట్టడం తప్పు. గది 18–20 డిగ్రీలు ఉండి, గాలి అంతటా మెల్లగా తిరుగుతుంటే ఆరడం ఇంకా సమంగా ఉంటుంది. మరీ చల్లగా, మూసి ఉన్న గదిలో వారం రోజులు ప్లాస్టిక్ కింద ఉంచితే బూజు పడుతుంది, పిడి కింద చెమ్మ బొట్లు కారి అతుకు మెత్తబడుతుంది. ప్లాస్టిక్ లోపలి వైపు పట్టిన నీటిని రోజుకోసారి తుడవండి, లేదా మధ్యలో ఒక పాత కాటన్ గుడ్డ వేయండి. హెయిర్ డ్రయ్యరు వాడాల్సి వస్తే సారె తిరుగుతుండగానే వాడాలి. ఆగిన కుండ మీద ఎప్పుడూ వద్దు.

ఇంకోటి, ఎవరూ అడగకపోయినా చెప్పాలి. చలికి కిటికీలన్నీ మూసేస్తారు, ఫ్యాన్ హీటరు నేల మీది మన్ను దుమ్మును పైకి లేపుతుంది. ఆ దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. చీపురు పట్టొద్దు, తడిగుడ్డతోనే తుడవండి. ఎండిన కుండను గరుకు కాగితంతో రుద్దడం బదులు తడి స్పాంజితో అంచులు సరిచేయండి. రుద్దక తప్పకపోతే ఎన్95 మాస్కు. బిస్క్ నడుస్తున్న గదిలో చలి కాచుకుంటూ కూర్చునే అలవాటు చాలామందికి ఉంటుంది. మన్నులోని సేంద్రియ పదార్థం కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. గాలి బయటికి పోయే దారి ఉంచండి, మీరు వేరే గదిలో కూర్చోండి.

---

కిటికీవెలుగు:

ఫోటోల సంగతికి ముందు మీ దినచర్య. వెలుతురు బాగున్న గంటల్లో సారె దగ్గర ఉంటున్నారు, అది పోయాక కెమెరా తీస్తున్నారు. చలికాలంలో పనికొచ్చే పగటి వెలుతురు 11 నుంచి 2 మధ్యే. సారెకు ట్యూబులైటు చాలు. అందుకని కాలిన వస్తువుల ఫోటోలు మధ్యాహ్నానికి, సారె పని సాయంత్రానికి మార్చండి. పైన ఆవం_వెనక గారు చెప్పిన మొదటి రాత్రి ప్లాస్టిక్ కూడా దీనికి చక్కగా అమరుతుంది: సాయంత్రం చేసి, మూసి వెళ్లిపోవడమే. క్లాసులు కుదరనివ్వకపోతే వారంలో ఒక్క మధ్యాహ్నం ఖాళీ చేసుకుని నాలుగైదు వస్తువులు ఒకే అమరికలో తీసేయండి. పోర్ట్‌ఫోలియోలో నేపథ్యం, వెలుతురు ఒకేలా ఉండడం వల్ల కూడా లాభమే.

నీలం–పసుపు గొడవ రెండు రకాల వెలుతురు కలవడం వల్ల. మబ్బు పట్టిన రోజు కిటికీ వెలుతురు 6500–7500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం), పసుపు బల్బు 2700–3000. కెమెరా ఏదో ఒకదానికే సర్దుకోగలదు. ఎడిటింగ్‌లో ఒక పక్కను సరిచేస్తే ఇంకో పక్క చెడుతుంది. కాబట్టి కిటికీ అయితే గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. లైటు అయితే కిటికీకి దళసరి తెర వేయండి. కుండ పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) పెట్టి మొదటి ఫోటో తీసుకోండి, రా ఫార్మాట్‌లో (కెమెరా సర్దుబాటు చేయని అసలు ఫైలుగా). మధ్యాహ్నం దాటాక వెలుతురు రంగు త్వరగా మారుతుంది, పావుగంటకోసారి గ్రే కార్డు మళ్లీ పెట్టాల్సిందే. సెలడాన్ (లేత ఆకుపచ్చ), లేత నీలం గ్లేజుల్లో ఈ చిన్న తేడాయే గ్లేజును ఇంకో గ్లేజులా చూపిస్తుంది.

కిటికీ ఊచలు కనబడడం గురించి: మెరిసే గ్లేజు ఒక ఉబ్బెత్తు అద్దమే. అందులో ఏదో ఒకటి కనబడి తీరుతుంది, ఏది కనబడాలో నిర్ణయించుకోవడమే మీ పని. కిటికీ మొత్తానికి ట్రేసింగ్ పేపర్ అంటించండి. ఊచలు మాయమై, ఒక పెద్ద తెల్లటి మెత్తటి పట్టీ మాత్రం మిగులుతుంది. నేరుగా ఎండ పడే కిటికీ అయినా ఇదే మందు. రెండో పక్కన 30–40 సెంటీమీటర్ల దూరంలో తెల్ల ఫోమ్ బోర్డు నిలబెడితే నీడ తేలికపడుతుంది. తెల్లటి కుండ తెల్ల నేపథ్యంలో కలిసిపోతుంటే అటు తెల్ల బోర్డు బదులు నల్ల అట్ట పెట్టండి, అంచు గీసినట్టు వస్తుంది. మెరుపును పూర్తిగా చెరిపేయాలని చూడొద్దు. ఆ మెరుపు లేకపోతే గ్లేజు మ్యాట్‌లా కనబడుతుంది.

పోలరైజింగ్ ఫిల్టరు కొనమని ఎవరైనా చెబుతారు. అద్దం లాంటి ఉపరితలంపై అది సుమారు 55 డిగ్రీల కోణం దగ్గరే బాగా పనిచేస్తుంది. గుండ్రటి కుండ మీద కోణం చోటుచోటుకీ మారుతుంది కాబట్టి కొంత ప్రతిబింబమే పోతుంది. చదును పళ్లేలకు, టైల్స్‌కు పనికొస్తుంది. జాడీలకు ట్రేసింగ్ పేపరే మేలు.

సెట్టింగులు: ట్రైపాడ్, ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టరు ఎంత పడితే అంత, అర సెకను గానీ 2 సెకన్లు గానీ. కుండ కదలదు కదా! 2 సెకన్ల టైమరు పెట్టండి. చీకటిగా ఉందని ఐఎస్ఓ 3200కు పెంచితే గ్లేజులోని సన్నటి చుక్కలు, నాయిస్ కలిసిపోతాయి. ఫుల్ ఫ్రేమ్‌లో 85–100 మిల్లీమీటర్ల లెన్సు, ఏపీఎస్-సీలో (చిన్న సెన్సరు కెమెరాలో) 50, దూరం మీటరున్నర. ఫోన్ అయితే వైడ్ కెమెరా వద్దు, దగ్గరగా తీస్తే మగ్గు బొజ్జ ఉబ్బి అడుగు సన్నబడుతుంది. 2ఎక్స్ వాడి వెనక్కి జరగండి. కెమెరా ఎత్తు మూతి అంచు కన్నా కాస్త పైన, అంచు సన్నటి అండాకారంగా కనబడేంత. ఫోకస్ కుండ ముందు పొట్ట మీద, వెనక అంచు మీద కాదు.

తెల్ల గ్లేజును కెమెరా బూడిద రంగు చేస్తుంది, నల్ల గ్లేజును కూడా అదే చేస్తుంది. తెల్లదానికి ఎక్స్‌పోజరు ⅔ నుంచి 1 స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి, నల్లదానికి అంతే తగ్గించండి, హిస్టోగ్రామ్ (వెలుతురు పంపిణీ చూపే గ్రాఫ్) కుడి చివర తెగకుండా చూసుకోండి.

పగలు అస్సలు దొరక్కపోతే: సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే కొలత) 95 పైన ఉన్న ఒక ఎల్ఈడీ, దానికి పెద్ద డిఫ్యూజరు, కుండకు పైన కొంచెం వెనగ్గా. ముందు నుంచి ఒక తెల్ల బోర్డు. నేపథ్యానికి బూడిద కాగితాన్ని ఒంపు తిరిగేలా వేలాడదీయండి, మడత గీత కనబడకూడదు. లైటు కుండకు అర మీటరులో ఉండి, వెనక కాగితం లైటుకు మీటరున్నరలో ఉంటే ఆ కాగితం మీద తొమ్మిదో వంతు వెలుతురే పడుతుంది, అంటే 3 స్టాపులు చీకటి. గ్యాలరీ ఫోటోల్లో పైకి పోతూ నల్లబడే ఆ నేపథ్యం ఇలాగే వస్తుంది, ఎడిటింగ్ అక్కర్లేదు.

బయట ఫోటోలు తీసి వెచ్చటి స్టూడియోలోకి వచ్చేటప్పుడు జాగ్రత్త. చల్లబడ్డ లెన్సు మీద గదిలోని తేమ చేరుతుంది, మట్టి పని జరిగే గదిలో ఆ తేమ ఇంకా ఎక్కువ. లోపలికి రాకముందే మెమరీ కార్డు తీసుకుని, కెమెరాను జిప్ సంచిలో పెట్టి గాలి తీసి మూసేయండి. గంట, గంటన్నర తర్వాతే తెరవండి. నీటి చుక్కలు సంచికి పడతాయి, కెమెరాకు కాదు. లెన్సు తుడిచినా లాభం లేదు, మళ్లీ పడుతుంది. లెన్సు మార్చడం మాత్రం ఆ గదిలో ఎప్పుడూ వద్దు. మన్ను దుమ్ము సెన్సరు మీద చేరితే ప్రతి ఫోటోలో ఆకాశం మీద మచ్చలే.

---

పచ్చికుండ:

అందరికీ ధన్యవాదాలు. తూకం ఆలోచన అసలు తట్టలేదు. గ్లేజు గురించి ఒక విషయం చెప్పడం మరిచాను: చలికి బకెట్‌లో గ్లేజు చిక్కబడిందని నీళ్లు కలిపాం. తర్వాత పల్చగా అనిపించి రెండుసార్లు ముంచాం. ముడుచుకుపోవడానికి అదే కారణమా?

---

ఆవం_వెనక:

చాలావరకు అదే. నీళ్లు చల్లబడితే చిక్కదనం పెరుగుతుంది. 5 డిగ్రీల నీరు 20 డిగ్రీల నీటి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు చిక్కగా ప్రవర్తిస్తుంది. చేతికి గ్లేజు దట్టంగా తగులుతుంది గానీ అందులో పొడి పాళ్లు మారలేదు. మీరు నీళ్లు కలిపారు, బిస్క్ అయిన కుండ ఆ అదనపు నీటిని పీల్చుకుని నానిపోయింది, పూత పల్చగా పడింది, మళ్లీ ముంచారు. నానిన గోడకు రెండో పొర పట్టు దొరకదు. ఆరేటప్పుడు ఎండిన చెరువు అడుగులా నెర్రెలిస్తుంది, కిల్న్‌లో కరిగినప్పుడు ఆ నెర్రెల దగ్గరి నుంచే వెనక్కి ముడుచుకుంటుంది.

చేతితో అంచనా మానేయండి. గ్లేజును బాగా కలిపి, కచ్చితంగా 100 మిల్లీలీటర్లు కొలిచి తూయండి. ముంచడానికి వాడే చాలా గ్లేజులు 140 నుంచి 150 గ్రాముల మధ్య బాగా పనిచేస్తాయి. మీ గ్లేజు బాగా వచ్చిన రోజు అంకెను బకెట్ మూత మీద రాసి పెట్టుకోండి, చలి రోజున కూడా దానికే రండి. ఇప్పుడు పల్చబడిన బకెట్‌ను కదపకుండా ఒక రాత్రి ఉంచితే పైన నీళ్లు తేరుకుంటాయి, వాటిని గిన్నెతో తీసి పక్కన పెట్టండి, పారబోయకండి. తర్వాత 80 మెష్ జల్లెడ పట్టండి.

బకెట్, బిస్క్ రెండూ గది వేడికి వచ్చాకే ముంచండి. బిస్క్‌ను తడి స్పాంజితో ఒక్కసారి తుడిచి దుమ్ము తీయండి, మళ్లీ ఆరనివ్వండి. ఒకే ముంపు, సుమారు 3 సెకన్లు. ఆరిన పూతలో సన్నటి నెర్రెలు కనబడితే వేలితో మెల్లగా రుద్ది పూడ్చండి. పొరగా లేచి వస్తుంటే మొత్తం కడిగేసి మళ్లీ మొదలుపెట్టడమే, సర్దుబాటు పనిచేయదు. ముంచిన రోజే కిల్న్‌లో పెట్టొద్దు, చలిలో ఒక రాత్రి పూర్తిగా ఆరాలి.

గ్లేజు కాల్పు అయ్యాక ఆత్రపడి మూత ఎత్తడం మీకూ అలవాటేనేమో. గది చల్లగా ఉన్నప్పుడు 200 డిగ్రీల కుండ మీద ఆ గాలి పడితే టింగ్ మని శబ్దం వస్తుంది, పగులు గోడ వెంట సాగుతుంది. 100 లోపు దిగేదాకా ఆగండి. చేత్తో పట్టుకోగలిగేంత అయితే ఇంకా మంచిది.

---

చీకటిగది:

ఫిల్మ్ సంగతి మిగిలిపోయింది. నెగటివ్ పల్చగా ఉందంటే రెండు కారణాల్లో ఒకటి: ఎక్స్‌పోజరు తక్కువ, లేదా డెవలప్‌మెంట్ తక్కువ. ఫిల్మ్ అంచున ఉండే అంకెలు, కంపెనీ పేరు చూడండి. అవి ఫ్యాక్టరీలోనే ఎక్స్‌పోజ్ అయి వస్తాయి, మీ కెమెరాతో సంబంధం లేదు. అంచు అంకెలు కూడా వెలిసిపోయినట్టు ఉంటే తప్పు డెవలపరుది (ఫిల్మ్ మీద బొమ్మను బయటపెట్టే రసాయనానిది). అంకెలు నల్లగా ఉండి బొమ్మ మాత్రం పల్చగా ఉంటే మీటరింగ్ చూసుకోవాలి.

14 డిగ్రీల నీళ్లంటున్నారు కాబట్టి డెవలప్‌మెంట్ మీదే అనుమానం. డెవలపరు టైములు సాధారణంగా 20 డిగ్రీలకు ఇస్తారు. ఒక్కో డిగ్రీ తగ్గితే సుమారు 10 శాతం సమయం పెంచాలి అనే లెక్క 18 దాకా పనికొస్తుంది. అంతకంటే కిందికి టైము పెంచడం వద్దు. చాలా డెవలపర్లలో ఉండే హైడ్రోక్వినోన్ అనే రసాయనం చల్లబడేకొద్దీ మందగిస్తుంది, 13 లోపు దాదాపు పనిచేయడం మానేస్తుంది. ఎంత సేపు ఉంచినా అదే కాంట్రాస్ట్ రాదు.

డీ-76 లాంటి డెవలపరును 1+1గా (ఒక వంతు స్టాక్, ఒక వంతు నీళ్లు) వాడుతుంటే సులువు: స్టాక్ 14 డిగ్రీలు ఉంటే అంతే కొలత 26 డిగ్రీల నీళ్లు కలపండి, 20కి వస్తుంది. కలిపాక థర్మామీటరుతో మాత్రం చూడండి. చల్లటి ట్యాంకులో పోయగానే ఒకటి రెండు డిగ్రీలు పడిపోతుంది, అందుకే ఫిల్మ్ ఎక్కించిన ట్యాంకును, సీసాలన్నిటినీ 21 డిగ్రీల నీళ్ల టబ్‌లో పావుగంట ముందే నిలబెట్టండి. మధ్యమధ్యలో ట్యాంకును తిప్పి మళ్లీ టబ్‌లోనే పెట్టండి.

ఫిక్సరు (బొమ్మను స్థిరపరిచే రసాయనం) కూడా చలికి నెమ్మదిస్తుంది. ఫిల్మ్ మొదట్లో బయటికి ఉండే నాలుక ముక్కను గదిలో వెలుతురులోనే ఫిక్సరులో వేసి ఎన్ని సెకన్లకు పారదర్శకం అయిందో చూడండి, దానికి రెట్టింపు సేపు ఫిక్స్ చేయండి. కడగడానికి వెచ్చటి నీళ్లు తక్కువ ఉంటే కుళాయి కింద పెట్టొద్దు. 20 డిగ్రీల నీళ్లు ట్యాంకు నిండా పోసి 5 సార్లు తలకిందులు చేసి పారబోయండి. మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. ఇల్ఫోర్డ్ చెప్పే పద్ధతి ఇదే. మూడు ట్యాంకుల నీళ్లతో అయిపోతుంది. ఒక ద్రవం నుంచి ఇంకో దానికి 2–3 డిగ్రీలకు మించి తేడా రానివ్వకండి.

కుండలను ఫిల్మ్ మీద కూడా తీస్తుంటే, షట్టరు 1 సెకను దాటితే ఫిల్మ్ సున్నితత్వం తగ్గుతుంది. ఎంత పెంచాలన్నది ఆ ఫిల్మ్ డేటా షీట్‌లో ఉంటుంది. డిజిటల్‌లో చూసిన 2 సెకన్లను యథాతథంగా వాడేస్తే బొమ్మ పల్చబడుతుంది, అప్పుడు అంచు అంకెలు మాత్రం బాగానే ఉంటాయి.

తడి ఫిల్మ్‌ను మట్టి స్టూడియోలో వేలాడదీయొద్దు. జెలటిన్ ఆరేలోపు దుమ్ము అతుక్కుంటే మళ్లీ నానబెట్టి కడిగినా పూర్తిగా పోదు. వేడి నీళ్లు కాసేపు వదిలి దుమ్ము అణిచిన స్నానాల గదిలో, తలుపు మూసి, కింద క్లిప్పు బరువుతో 3–4 గంటలు వదిలేయండి. ఆ టైములో లోపలికి ఎవరూ వెళ్లకుండా తలుపుకు చీటీ అంటించండి.